చేతి దాకా వచ్చిన చేప ఎలా తప్పించుకుంది?

లారీ ట్యూబు మీకు కొత్త కాదు. ఈత నేర్చుకొనే పిల్లలకు ఒకప్పుడు ఎండిన ఆనపబుర్రలు నడుముకు కట్టి చెరువులో దించేవారు. తరువాత ఆ పనికి పాత ట్యూబులు వచ్చాయి. ఆ ట్యూబుకే మధ్యలో ఉట్టిలాగా ఒక గట్టి గుడ్డ ఆసనం బిగించి, పాదాలకు బాతుకాళ్ళలాంటి రబ్బరు తొడుగులు వేసుకొని, చేతిలో గాలపుకర్రతో సరస్సు మధ్యకు పోయి చేపలు పట్టేవారు అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో చాలామంది ఉన్నారు. క్యూబాలో హవానా నగరపు జాలరులు కొందరు ఇలాంటి ట్యూబుల మీద ఏకంగా సముద్రంలోకే పోయేవారు. అది వారికి వినోదం కాదు, కూడు.

ట్యూబు మనిషిని తేల్చడంలో వింత ఏమీ లేదు. మన శరీర సాంద్రత ఇంచుమించు నీటి సాంద్రతే కాబట్టి, నీటిలో మునిగి ఉన్న భాగాన్ని నీరే మోస్తుంది. నీటి పైన ఉన్న భాగం బరువు 40 కిలోలు అనుకొంటే, 40 లీటర్ల నీటిని పక్కకు నెట్టగల గాలి ఉంటే చాలు. పెద్ద ట్యూబులో అంతకంటె ఎక్కువే పడుతుంది. ఇక్కడ ఒక మాట. ట్యూబులో గాలి ఉన్నంతసేపే ఈ లెక్క. ఇప్పటి ట్యూబులకు విడివిడిగా రెండు మూడు గాలిసంచులు పెడుతున్నది అందుకే. మీరు ఇది చదివి పాత ట్యూబు ఒకటి భుజాన వేసుకొని ఒంటరిగా చెరువుకు బయలుదేరవద్దు.

ఇక మన చేప సంగతికి వద్దాం. అమెరికాలో నెవాడా రాష్ట్రంలో పిరమిడ్ సరస్సు అని ఒకటి ఉంది. లహాంటన్ కట్‌త్రోట్ అనే జాతి ట్రౌట్ చేపకు అది పుట్టిల్లు. 1925లో ఈ సరస్సులో పట్టిన ఒక చేప 41 పౌన్లు, అనగా సుమారు 18.6 కిలోలు తూగింది. అయితే అప్పటికే ఆ జాతికి గండం మొదలయింది. సరస్సులోకి నీరు తెచ్చే ట్రకీ నది మీద 1905లో డెర్బీ ఆనకట్ట కట్టారు. గుడ్లు పెట్టడానికి నదిలో ఎగువకు ఎక్కే దారి చేపలకు మూసుకుపోయింది. 1940ల నాటికి ఆ సరస్సులో అసలు జాతి కనిపించకుండా పోయింది. యూటా సరిహద్దులో ఒక కొండ దగ్గరి చిన్న వాగులో ఆ వంశపు చేపలు కొన్ని మిగిలి ఉన్నట్లు తరువాత తెలిసింది. 2006 నుంచి వాటి సంతతినే తెచ్చి సరస్సులో వదిలారు. ఇప్పుడు మళ్ళీ 9 కిలోలు దాటిన చేపలు అక్కడ గాలాలకు పడుతున్నాయి.

ఆ సరస్సులో ట్యూబు మీద ఒకాయన కూర్చున్నాడనుకోండి. ఆయన గాలానికి 8 కిలోల చేప తగిలింది. దారం సన్నది. పొడి దారానికి నిదానంగా తూకపురాళ్ళు వేలాడదీస్తూ పోతే 2 కిలోల దగ్గర తెగుతుంది. అరగంటసేపు ఆ చేప అటూ ఇటూ పరుగెత్తింది. చివరకు అలిసిపోయి ట్యూబు పక్కకు వచ్చింది. ఆయన చేతివల అందుకొన్నాడు. చేప ఒక్కసారి తోక కొట్టింది. టప్పున దారం తెగింది.

అరగంట తెగని దారం ఆ ఒక్క క్షణంలో ఎందుకు తెగింది? దీనికి జవాబు వెతికితే మీ భౌతికశాస్త్ర పుస్తకంలో సగం పాఠాలు వచ్చి పోతాయి.

రెండు కిలోల దారం, ఎనిమిది కిలోల చేప

ముందు, 2 కిలోల దారంతో 8 కిలోల చేపను అరగంటసేపు ఆపడమే ఎలా సాధ్యం? బావిలో నీళ్ళు చేదినవారికి దీని జవాబు తెలుసు. నిండిన చేద నీటిలో ఉన్నంతసేపు వేలితో లాగినా వస్తుంది. నీటి మట్టం దాటి పైకి రాగానే తాడు చేతిని కోస్తుంది. నీటిలో ఉన్నప్పుడు చేదలోని నీటిని చుట్టూ ఉన్న నీరే మోస్తున్నది. ఆర్కిమిడీస్ సూత్రం అంటే ఇదే. చేప కూడా ఒక రకంగా నీటిలోని నీళ్ళచేద. దాని కడుపులో గాలితిత్తి ఉంటుంది. దానివల్ల చేప మొత్తం సాంద్రత నీటి సాంద్రతకు ఇంచుమించు సమానమవుతుంది. కాబట్టి నీటిలో ఉన్న 8 కిలోల చేప బరువు దారం మీద దాదాపు ఏమీ పడదు.

బరువు పోయినా ద్రవ్యరాశి ఎక్కడికీ పోలేదు. పరీక్షల్లో బరువుకూ ద్రవ్యరాశికీ భేదం రాయమంటే మీరు చంద్రుడి మీదికి పోతారు. అంత దూరం పోనవసరం లేదు, ఈ చేప చాలు. కదులుతున్న 8 కిలోల ద్రవ్యరాశిని ఆపాలంటే, అది నీటిలో ఉన్నా గాలిలో ఉన్నా, పని చేయక తప్పదు.

ఆ పని ఎంతో లెక్క వేద్దాం. చేప సెకనుకు 3 మీటర్ల వేగంతో దూసుకుపోతున్నదనుకొందాం. గతిజశక్తి ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే వస్తుంది. 4 ను 9 తో గుణిస్తే 36 జౌళ్ళు. ఈ శక్తి పూర్తిగా ఖర్చయితేనే చేప ఆగుతుంది. బలాన్ని దూరంతో గుణిస్తే పని కదా! అందువల్ల 6 మీటర్ల దూరంలో నెమ్మదిగా ఆపితే 6 న్యూటన్ల బలం చాలు. 10 సెంటీమీటర్లలో ఆపాలంటే 360 న్యూటన్లు కావాలి.

ఒక కిలో బరువును భూమి సుమారు 10 న్యూటన్ల బలంతో లాగుతుంది. అంటే మన దారం 20 న్యూటన్ల దగ్గర తెగుతుంది. 6 న్యూటన్లు దానికి లెక్క కాదు. 360 న్యూటన్లు అంటే 36 కిలోల బరువు! అదే చేప, అదే వేగం. మారింది ఆగే దూరం ఒక్కటే. క్రికెట్ బంతిని పట్టుకొనేటప్పుడు చేతులు వెనక్కు తీసుకొంటారే, అందులో ఉన్న కిటుకూ ఇదే. (చేప ఆగేలోగా తోకతో ఇంకా తోస్తూనే ఉంటుంది. ఆ బలాన్ని ఇక్కడ వదిలేశాను. కలిపితే దారం పని ఇంకా కష్టమవుతుంది.)

దారం ఒక పొడవైన స్ప్రింగు

1653లో ఇంగ్లండులో ఐజాక్ వాల్టన్ చేపల వేట మీద పుస్తకం అచ్చువేసిన రోజుల్లో గుర్రపు తోకవెంట్రుకలు పేని గాలపుదారం చేసేవారు. ఆ తరువాత పట్టుదారం వచ్చింది. పట్టుపురుగు కడుపులోని పట్టుగ్రంథిని తీసి సాగదీసి చేసిన పోగును కూడా గాలం దగ్గర కట్టేవారు. 1935లో అమెరికాలో కెరొథర్స్ అనే రసాయన శాస్త్రజ్ఞుడి ప్రయోగశాలలో నైలాన్ పుట్టింది. దానితో ఈ కథ మారిపోయింది. 0.2 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న నైలాన్ పోగు 2 కిలోల బరువును మోస్తుంది. అంతే మందం ఉన్న మామూలు మెత్తని ఉక్కు తీగె కూడా అంత మోయలేదు!

పోగు బలం దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. అందుచేత వ్యాసం సగమైతే బలం సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. రాయికి రాసుకొని దారం కొద్దిగా అరిగినా ప్రమాదం ఎందుకో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

అయితే నైలాన్ గొప్ప దాని బలంలో కంటె సాగుడులో ఉంది. తెగేముందు అది తన పొడవులో సుమారు ఐదో వంతు సాగుతుందనుకొందాం. సాగిన దారం సాగదీసిన స్ప్రింగులాంటిది. బలం సున్న నుంచి 20 న్యూటన్ల దాకా క్రమంగా పెరుగుతుంది కాబట్టి సరాసరి బలం 10 న్యూటన్లు. దాన్ని సాగిన దూరంతో గుణిస్తే, తెగకుండా దారం మింగగల శక్తి వస్తుంది.

చేప 40 మీటర్ల దూరంలో ఉన్నదనుకోండి. దారం 8 మీటర్లు సాగగలదు. 10 ని 8 తో గుణిస్తే 80 జౌళ్ళు. చేప జోరు 36 జౌళ్ళే. దారం ఆ కుదుపును మింగేసి ఇంకా మిగిలి ఉంటుంది.

ఇప్పుడు చేప ట్యూబు పక్కకు వచ్చింది. కర్ర కొనకూ చేపకూ మధ్య 2 మీటర్ల దారమే ఉంది. అది 40 సెంటీమీటర్లు సాగగలదు. 10 ని 0.4 తో గుణిస్తే 4 జౌళ్ళు. ముప్పయి ఆరులో నాలుగు!

తెగింది ఇందుకే. దారం బలం దూరంలో ఉన్నప్పుడు ఎంతో దగ్గరకు వచ్చినప్పుడూ అంతే. తగ్గిపోయింది శక్తిని దాచుకొనే చోటు. చేతి దాకా వచ్చిన చేప తప్పించుకొంటే తొందరపాటు అనీ, దురదృష్టం అనీ అంటారు. నిజానికి ఆ చివరి రెండు మీటర్లే అన్నిటికంటె కష్టమైనవి. 36 జౌళ్ళను ఈ దారం ఒక్కటే మింగాలంటే కనీసం 18 మీటర్ల దారం బయట ఉండాలి. కావాలంటే మీరే వేసి చూడండి.

ఇక్కడ గాలపుకర్ర కొంత ఆదుకొంటుంది. కర్ర కొన ఒక మీటరు వంగితే మరికొన్ని జౌళ్ళు అది మింగుతుంది. వెదురుకర్ర అయినా, ఇప్పటి కార్బన్ పోగుల కర్ర అయినా సన్నగా, వంగేలా చేయడం అందుకే. రీలుకు ఉన్న బ్రేకు ఇంకా ముఖ్యం. లాగుడు ఒక హద్దు దాటగానే రీలు జారి దారం వదులుతుంది. ఆ హద్దును దారం బలంలో నాలుగో వంతో మూడో వంతో ఉండేలా బిగిస్తారు. కొత్తగా వచ్చిన పాలిథీన్ పోగుల జడదారం ఇంకా సన్నగా ఉండి ఇంకా ఎక్కువ మోస్తుంది గాని, అది సాగదు. అలాంటి దారంతో కర్రా బ్రేకూ తప్ప వేరే దిక్కు లేదు.

చివరి క్షణంలో చేప తల నీటి పైకి ఎత్తితే ఏమవుతుందో బావి చేద చెప్పనే చెప్పింది. అందుకే చేపను దారంతో పైకి లేపరు. వలను నీటిలో ముంచి చేప కిందికి పోనిస్తారు.

ట్యూబు మీది మనిషి కొండా? బెండా?

మీరు అడగవచ్చు: “మాస్టారూ! ఆయన కూచున్నది నేల మీద కాదు గదా! చేప లాగితే ట్యూబు కూడా కదిలిపోతుంది. ఇక దారం తెగడం ఎందుకు?” మంచి ప్రశ్న. దీనికి జవాబు చెప్పే ముందు ఒక ప్రయోగం చేయండి.

ఒక ఇటుకను కుట్టుదారంతో పైన ఒక దూలానికి వేలాడదీయండి. ఇటుక మోయడానికి ఎన్ని పేటలు కావాలో అన్ని పేటలు వేయండి. అదే దారం, అన్నే పేటలు, ఇటుక కింద కూడా కట్టి వదలండి. కింద ఒక దిండు వేయండి. మీ పాదాలు దూరంగా ఉంచండి. ఇప్పుడు కింది దారాన్ని మెల్లగా, క్రమంగా లాగండి. పై దారం తెగుతుంది. ఇటుక బరువుకు మీ లాగుడు కూడా తోడవడమే కారణం. మళ్ళీ కట్టి, ఈసారి చటుక్కున గుంజండి. కింది దారం తెగుతుంది! పై దారం చెక్కుచెదరదు. ఇటుకకు కదలాలని మీరు చెప్పారు గాని, అది కదిలేంత వ్యవధి ఇవ్వలేదు. దీన్నే జడత్వం అంటాం. నేను ఈ ప్రయోగం తొమ్మిదో తరగతికి ఏటా చేసి చూపిస్తాను. ఏ దారం తెగుతుందో ముందే చెప్పమంటే ఏటా తరగతి రెండు పక్షాలుగా చీలిపోతుంది.

ట్యూబు మీది మనిషి ఆ ఇటుక. చేప కట్టి ఉన్న దారం కింది దారం. మనిషీ ట్యూబూ సామానూ కలిసి 90 కిలోలు అనుకోండి. చేప 9 న్యూటన్లతో నిలకడగా లాగితే న్యూటన్ రెండో సూత్రం ప్రకారం త్వరణం సెకనుకు సెకనుకు 0.1 మీటరు. నీటి నిరోధం లేకుంటే 10 సెకన్లలో ట్యూబు 5 మీటర్లు కదిలిపోవాలి. నిరోధం వల్ల అంత కదలదు, కాని కదులుతుంది. పెద్ద చేపలు ట్యూబును మనిషితో సహా నెమ్మదిగా ఈడ్చుకుపోవడం మామూలే. అలాంటప్పుడు ట్యూబు దారానికి మేలే చేస్తుంది. గట్టు మీద నిలుచున్నవాడికి ఆ సౌకర్యం లేదు.

అదే లాగుడు సెకనులో పదో వంతు మాత్రమే ఉంటే? ట్యూబు కదిలేది అర మిల్లీమీటరు. అంటే తోకదెబ్బకు సంబంధించినంతవరకు ఆ మనిషి కొండే. మెల్లని లాగుడుకు బెండు, కుదుపుకు కొండ!

ట్యూబుతో మరొక చిక్కు కూడా ఉంది. మనిషి నీటి మట్టంలో కూచుంటాడు. చేప నేరుగా ట్యూబు కిందికి దూకితే కర్రను ఎత్తి పట్టుకోవడానికి చోటు ఉండదు. కర్ర గొడుగుకామలా వంగిపోతుంది. దారం ట్యూబు అంచుకో కాళ్ళ తొడుగులకో రాసుకొంటుంది. ఆపైన గాలి ఒకటి. పిరమిడ్ సరస్సులాంటి విశాలమైన నీటిమీద గాలి లేస్తే, కాళ్ళతో నీటిని తన్నుతూ వెనక్కు ఈదే మనిషి గట్టు చేరడమే గగనం. అప్పుడు చేప మాట ఎవరికి గుర్తు?

దూరం పోయినా గండమే

పొడుగు దారం మంచిదన్నాను. అలాగని చేపను ఎంత దూరమైనా పోనివ్వవచ్చా? అక్కడ వేరే గండాలు కాచుకొని ఉన్నాయి.

రీలులో దారం నిండుగా ఉన్నప్పుడు చుట్ట వ్యాసార్థం 2.4 సెంటీమీటర్లనుకొందాం. 6 న్యూటన్ల లాగుడుకు జారేలా బ్రేకు బిగించారు. దారం పోయేకొద్దీ చుట్ట చిన్నదవుతుంది. రీలు ఖాళీ కావచ్చేసరికి వ్యాసార్థం 1.6 సెంటీమీటర్లకు దిగింది. బ్రేకు పట్టు మారలేదు, కాని దాన్ని తిప్పే బాహువు పొట్టిదయింది. పెద్ద తలుపును గడియ దగ్గర తోస్తే సులువుగా తెరుచుకొంటుంది, కీలు దగ్గర తోస్తే మొరాయిస్తుంది. ఇదీ అలాంటిదే. ఇప్పుడు రీలు జారాలంటే 6 న్యూటన్లు చాలవు, 9 కావాలి. బ్రేకును ఎవరూ ముట్టుకోలేదు. అయినా అది ఒకటిన్నర రెట్లు బిగిసింది.

దీనికి తోడు నీరు. చేప దూరంగా పోయి ఒక్కసారి పక్కకు తిరిగితే, వెనుక ఉన్న దారమంతా నీటిని అడ్డంగా కోసుకొంటూ పోవాలి. 0.2 మిల్లీమీటర్ల దారం ఏపాటి అడ్డు అనుకొంటాం. 100 మీటర్ల దారం నీటికి చూపే వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లు, అనగా ఒక చిన్న పలక అంత! దాన్ని సెకనుకు ఒక మీటరు వేగంతో నీటిలో అడ్డంగా ఈడ్వడానికి సుమారు 12 న్యూటన్లు కావాలి. స్థూలంగా రెండూ కలిపితే 21 న్యూటన్లు. దారం బలం 20. వేగం రెండింతలైతే నీటి నిరోధం నాలుగింతలు.

ఇలా తెగినప్పుడు కర్ర పట్టుకొన్నవాడికి కారణమే అంతుపట్టదు. చేతికి పెద్ద లాగుడేమీ తెలియదు. ఎందుకంటే నీరు లాగే లాగుడు ఎక్కువగా చేప వైపు కొనమీదే పడుతుంది. ఆ కొనలోనే ముడి కూడా ఉంది.

ముడి సంగతి రెండు మాటల్లో చెబుతాను. ముడి దగ్గర దారం వంపు తిరిగి, తన్ను తానే నొక్కుకొంటుంది. నైలాన్ దారం మధ్యలో మామూలు ముడి ఒకటి పడితే బలం సగానికి దగ్గరగా పడిపోవచ్చు. పొడిగా ఉన్న ముడిని గట్టిగా బిగిస్తే రాపిడి వేడికి అక్కడి నైలాన్ చెడుతుంది. అందుకే అనుభవం ఉన్నవారు బిగించే ముందు ముడిని ఉమ్మితో తడుపుతారు. ఒక కుట్టుదారానికి మధ్యలో ముడి వేసి రెండు చేతులతో లాగి చూడండి. ఎక్కడ తెగుతుందో పదిసార్లు లెక్కపెట్టండి.

చచ్చినవాడి కళ్ళు చారెడు

పోయిన చేప ఎప్పుడూ పెద్దదే. ఎనిమిది కిలోల చేప ఇంటికి చేరేసరికి పన్నెండు కిలోలవుతుంది. అబద్ధమనకండి. అందులో కొంత తప్పు లీవరుది.

గాలపుకర్ర పొడవు 2 మీటర్లు. దాని మొదలు కడుపుకు ఆనించి, ముందు చేతిని మొదటినుంచి 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకొన్నారనుకోండి. చేప కొన దగ్గర 10 న్యూటన్లతో లాగుతున్నది. చేప బాహువు 2 మీటర్లు, మనిషి బాహువు 0.3 మీటరు. రెండువైపులా సరితూగాలంటే చేయి సుమారు 67 న్యూటన్లతో పట్టుకోవాలి. చేతికి ఏడు కిలోల బరువు తెలుస్తుంది. దారం మీద ఉన్నది ఒక కిలోయే. సాధారణంగా మనం లీవరును మన బలం పెంచుకోవడానికి వాడతాం. ఇక్కడ తెలిసి తెలిసి లాభం చేపకు ఇస్తున్నాం. ఎందుకు? చేయి నొప్పి పెట్టేసరికి కూడా దారం ఇంకా క్షేమంగా ఉండాలి కనుక! సన్నదారానికి పొడవైన మెత్తని కర్రే తగినది. అరగంట ఆ లాగుడు పట్టినవాడి చేతికి ఆ చేప ఏనుగులా తోచడంలో ఆశ్చర్యం లేదు.

సన్నదారంతో పెద్దచేపను పట్టడం ఒక ఘనత అయి కూచుంది. 1939లో న్యూయార్క్‌లో ఏర్పడిన అంతర్జాతీయ వేటచేపల సంఘం దారపు బలాన్నిబట్టి 1 కిలో, 2 కిలోలు, 4 కిలోలు, ఇలా తరగతులు పెట్టి ఒక్కోదానికి రికార్డులు రాస్తుంది. దారం బలానికి ఇరవై రెట్లు తూగే చేపను పట్టినవారికి ప్రత్యేకమైన గుర్తింపు ఉంది. నేర్పు కావలసిన పనే, కాదనను. కాని ఇందులో చేప పక్షం కూడా వినాలి.

అరగంటలో చేపకు ఏమయింది?

చేప దేహంలో రెండు రకాల కండ ఉంది. పక్కన సన్నని పట్టీలా ఉండే ఎర్రకండ నిదానంగా ఈదడానికి. అది ఆక్సిజన్‌తో నడుస్తుంది, అంత తొందరగా అలియదు. మిగిలినదంతా తెల్లకండ. ఎరమీదికి దూకడానికి, శత్రువునుంచి పారిపోవడానికి అది. తెల్లకండ ఆక్సిజన్ కోసం ఆగదు. దాచుకొన్న గ్లైకోజెన్‌ను అప్పటికప్పుడు విడగొట్టి వాడుకొంటుంది. నిమిషాల్లో సరుకు అయిపోతుంది. లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, రక్తంలో ఆమ్లత పెరుగుతుంది. కండరాలకూ లాక్టిక్ ఆమ్లానికీ గల సంబంధం మీద పనిచేసిన మయర్‌హాఫ్‌కూ, కండరాల వేడిని కొలిచిన హిల్‌కూ కలిపి 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి ఇచ్చారు. అలసటకు ఆ ఆమ్లం ఒక్కటే కారణం కాదని తరువాతి పరిశోధనల్లో తేలింది. అయినా అలిసిన చేప మళ్ళీ మామూలు స్థితికి రావడానికి గంటలు పడుతుందన్నది స్థిరమే.

పరుగు పందెంలో అలిసిన మీరు నిలబడి రొప్పుతారు. చుట్టూ కావలసినంత గాలి. చేప రొప్పవలసింది నీటిలో. 10 డిగ్రీల చల్లని నీటి లీటరులో 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీల నీటిలో ఏడున్నర మిల్లీగ్రాములే. అలిసిన చేపకు వేసవి నీరు ఇరుకు గది వంటిది. మరి అదే సమయంలో దాన్ని నీటినుంచి పైకి తీసి, ఫోటో కోసం పట్టుకొని నిలబడితే? గాలిలో మొప్పల పొరలు ఒకదానికొకటి అతుక్కొనిపోతాయి. తడిసిన పుస్తకం పుటల్లాగా. ఆక్సిజన్ లోపలికి పోయే దారి మూసుకుపోతుంది.

1992లో కెనడాలో ఫెర్గూసన్, టఫ్ట్స్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు రెయిన్‌బో ట్రౌట్ చేపల మీద జరిపిన పరిశోధన ఫలితాలు ప్రచురించారు. కొన్ని చేపలను ఏమీ చేయకుండా ఉంచారు. కొన్నిటిని అలిసిపోయేదాకా తరిమి నీటిలోనే వదిలారు. మరికొన్నిటిని తరిమిన తరువాత 30 సెకన్లు, ఇంకా కొన్నిటిని 60 సెకన్లు గాలిలో ఉంచి తిరిగి నీటిలో వదిలారు. 12 గంటల తరువాత చూస్తే, ముట్టుకోని చేపలన్నీ బతికి ఉన్నాయి. తరిమినవాటిలో నూటికి 88 బతికాయి. 30 సెకన్లు గాలిలో ఉంచినవాటిలో నూటికి 62. నిమిషం ఉంచినవాటిలో నూటికి 28!

ఒక్క నిమిషం. ఆ చేపలు వదిలినప్పుడు చాలావరకు ఈదుకొంటూనే పోయి ఉంటాయి. గట్టు మీద నిలుచున్నవాడు “హాయిగా వెళ్ళిపోయింది” అనుకొనే ఉంటాడు.

పిరమిడ్ సరస్సులో ఒక వంశాన్ని వాగులో వెతికి తెచ్చి తిరిగి నిలబెట్టుకొన్నవారికి ఈ అంకెలు వట్టి అంకెలు కావు. చేపను తిరిగి వదలాలనుకొన్నవాడు దాన్ని సన్నదారంతో గంటలకొద్దీ ఆడించడం నాకు నచ్చదు. కొంచెం లావు దారం వాడి, తొందరగా దగ్గరకు తీసి, నీటిలో ఉండగానే గాలం ఊడదీసి పంపిస్తే చేప బతికే అవకాశం హెచ్చు. ఇక దారం తెగి పోయిన చేప మాట. గాలం దాని మూతికి ఉండిపోతుంది. పెదవికి గుచ్చుకొన్న గాలంతో చేప చాలాసార్లు బతుకుతుంది. గొంతులో దిగితే బతకడం కష్టం. ముల్లు లేని గాలమైతే దారం వదులు కాగానే దానంతటదే జారిపోవచ్చు. అందుకే చేపలను తిరిగి వదిలేవారిలో చాలామంది పట్టుకారుతో గాలం ముల్లును నొక్కివేస్తారు. దానివల్ల తప్పించుకొనే చేపలు కొన్ని పెరుగుతాయి, పెరగనివ్వండి.

ఇక ఒక లెక్క ఇస్తున్నాను. మీ స్నేహితులతో కలిసి చేయండి. 5 కిలోల చేప సెకనుకు 4 మీటర్ల వేగంతో దూకింది. దారం 10 న్యూటన్ల దగ్గర తెగుతుంది, తెగేముందు తన పొడవులో నాలుగో వంతు సాగుతుంది. కర్ర, రీలు లేవు. చేప తోక కూడా ఆడించడం లేదు. ఆ దూకుడును దారం ఒక్కటే మింగాలంటే ఎన్ని మీటర్ల దారం బయట ఉండాలి?

జవాబు: 32 మీటర్లు.